నాంచారి కొయ్యని చాప

యాభై ఆరు దేశాలూ తిరిగి రండి. మా ఊరి చాపకి సాటివచ్చే చాప ఇంకొకటి చూపించండి. రాజుగారి కొలువులో రత్నకంబళి ఉండవచ్చు, దేవేంద్రుడి సభలో పూలపాన్పు ఉండవచ్చు. మా చాప పక్కన పరిస్తే అవి కాళ్ళు తుడుచుకునే గోనెపట్టాల్లా ఉంటాయి. మా చాపకి ఈ చివర పొద్దు పొడిస్తే ఆ చివర పొద్దు గూకుతుంది. ఏనుగులు బారులు తీరి కూర్చోవచ్చు.

సరే, ఏనుగులు కూర్చోవు. మనుషులు కూర్చోవడమే కష్టం. ఒకచోట ఉబ్బు, ఒకచోట లొట్ట. నడుమ ఒక జానెడు మేర మరీ వంకర. అక్కడ అడుగు వేసినవాడల్లా తట్టుకుని బోర్లా పడతాడు. పడ్డవాడు లేచి, ఇది ఏ ఇంటివాళ్ళ పని అని అరుస్తాడు. ఆ వంకర సంగతి ఆఖర్న చెబుతాను. ముందు చాప సంగతి వినండి.

అనగా అనగా, మీ తాతల తాతలు ఉగ్గుగిన్నె దగ్గర మారాం చేస్తున్న రోజుల్లో, మా ఊరికి మూడే పేటలు. తూర్పుపేట, ఉత్తరపుపేట, పడమటిపేట. దక్షిణాన పేట లేదు. ఒక మట్టిదిబ్బ, దిబ్బ అవతల వాగు. మూడు పేటల వీధులూ ఏటవాలుగా దిగివచ్చి ఒకచోట కలిసేవి. పళ్ళెం నడుమలా పల్లంగా ఉండే ఆ కూడలిలో ఒకే ఒక గుడిసె. గుడిసెలో ఒకే ఒక మనిషి. చాపల నాంచారి.

నాంచారికి మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక నేలమగ్గం, ఒక మేక, ఒక నోరు. వాగు ఒడ్డున తుంగ కోసుకొచ్చి, చీల్చి, ఎండబెట్టి, చాపలు నేసేది. ఊళ్ళో పుట్టినవాణ్ణి పడుకోబెట్టేది ఆమె చాప మీదే, పోయినవాణ్ణి పడుకోబెట్టేదీ ఆమె చాప మీదే. ఆ రెంటి మధ్యా కూర్చుని పోట్లాడుకునేది కూడా ఆమె చాపల మీదే. ఏ పేటకీ చెందని మనిషి కనక అన్ని పేటలతోనూ ఆమెకి వరసే.

పేటకో సంఘం, సంఘానికో పెద్ద. తూర్పుపేట పెద్ద గవరయ్య. మీసం ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. నాంచారికి బావ వరస. ఉత్తరపుపేట పెద్ద లింగన్న. ఒక మాట చెప్పడానికి మూడుసార్లు దగ్గేవాడు. అన్న వరస. పడమటిపేట పెద్ద అప్పలసామి. వయసులో చిన్నవాడు, కోపంలో పెద్దవాడు. అల్లుడి వరస.

మూడు సంఘాలూ ఎవరి పేటని వాళ్ళు అద్దంలా ఉంచుకునేవి. ఎలాగంటే, ఊడ్చిన చెత్త తీసుకెళ్ళి పక్కపేట మొదట్లో పోసేవి. పక్కపేట దాన్ని ఊడ్చి ఆ పక్కపేటలో పోసేది. చెత్త ఊరంతా తిరిగి మళ్ళీ సొంతింటికి చేరేది, అత్తారింటినుంచి అలిగొచ్చిన ఆడపడుచులాగ.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఎవరి చాప మీద కూర్చుంటే వాళ్ళ మాటకి తలూపినట్టే. అందుకని ఒక పేటవాడు ఇంకో పేట చాప మీద ఛస్తే కూర్చునేవాడు కాదు. పెళ్ళికి పిలిస్తే సొంత చాప చంకలో పెట్టుకుని వెళ్ళేవాడు. పిల్లనిచ్చిన మామ ఇంటికి వెళ్ళినా అల్లుడి చంకలో చాప ఉండాల్సిందే. ఇక మూడు సంఘాలూ ఒకచోట కూర్చున్నది, ఎవరూ చూడలేదు, ఎవరూ వినలేదు.

ఇలాంటి ఊళ్ళో వాన పడింది.

పడ్డ వాన తూర్పు వీధిలోంచి దిగింది, ఉత్తరపు వీధిలోంచి దిగింది, పడమటి వీధిలోంచి దిగింది. దక్షిణాన దిబ్బ అడ్డం. ఇక ఎక్కడికి పోతుంది? తిన్నగా నాంచారి గుడిసెలోకి వెళ్ళి కూర్చుంది. ఏటా కూర్చునేదే. ఏటా నాంచారి తప్పేలాతో తోడిపోసేదే. ఆ ఏడు మాత్రం గుడిసె నడుమ నిలబెట్టిన నిట్రాట మొదలు మెత్తబడింది. చేత్తో నొక్కితే వేలు దిగబడింది. నాంచారి వేలు చూసుకుంది, నిట్రాట చూసింది, అటక మీదకెక్కి నిలబడ్డ మేకని చూసింది. వానలు ఇలాగే నాలుగు పడితే గుడిసె కూలుతుంది. గుడిసె కూలితే మగ్గం పోతుంది. మగ్గం పోతే మేకని తోలుకుని ఊరు విడిచిపోవడమే. ఎక్కడికి? అది నాంచారికీ తెలియదు, మేకకీ తెలియదు.

కొంగు బిగించి తూర్పుపేటకి వెళ్ళింది. బావా, మీ వీధి నీళ్ళు నా ఇంట్లో ఉన్నాయి, ఏదో దారి చూపించండి అంది.

గవరయ్య మీసం దువ్వుకున్నాడు. "నీ ఇంట్లో నీళ్ళు మూడు పాళ్ళు, నాంచారీ. అందులో రెండు పాళ్ళు మావి కావు. ముందు వాళ్ళని అడుగు" అన్నాడు.

ఉత్తరపుపేటకి వెళ్ళింది. లింగన్న మూడుసార్లు దగ్గి, నీ ఇంట్లో నీళ్ళు మూడు పాళ్ళు చెల్లెమ్మా, అందులో రెండు పాళ్ళు మావి కావు అన్నాడు.

పడమటిపేటకి వెళ్ళింది. అప్పలసామి నోరు తెరిచేలోపే నాంచారి చెయ్యెత్తింది. "తెలుసు అల్లుడూ. మూడు పాళ్ళు, రెండు పాళ్ళు. నీకు నోటిశ్రమ దేనికి" అని వెనక్కి వచ్చేసింది.

వస్తూ వస్తూ ఆలోచించింది. రెండు పాళ్ళు మీవి కావు, సరే. మరి మూడో పాలు మీదే కదా.

మర్నాడు పొద్దున్నే గుడిసెలోని నీళ్ళు మూడు కుండల్లో ముంచింది. ఆ నీళ్ళలో ఏముంటాయో వేరే చెప్పాలా? మూడు పేటల బురద, మూడు పేటల పేడ, ఎవరిదో ఒంటి చెప్పు. ఒక కుండ తీసుకెళ్ళి గవరయ్య అరుగు మీద పెట్టింది. ఒక కుండ లింగన్న అరుగు మీద పెట్టింది. ఒక కుండ అప్పలసామి అరుగు మీద పెట్టింది. ప్రతి అరుగు దగ్గరా ఒకే మాట చెప్పింది.

"మీ పాలు మీకు తెచ్చాను. మిగతా రెండు పాళ్ళూ వాటి సొంతదార్లకి పంపించాను. ఇంకా చాలా ఉన్నాయి, రోజూ తెస్తాను."

ఊరు ఊరంతా గొల్లుమంది. తూర్పుపేట ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వారు. నీళ్ళు తోడుకోడానికి వెళ్ళినవాళ్ళు నూతి దగ్గర అదే మాట, పాలు పితకడానికి వెళ్ళినవాళ్ళు దొడ్లో అదే మాట. మీ పాలు మీకు వచ్చిందా? మాది వచ్చింది, చెప్పుతో సహా వచ్చింది.

పెద్దలకి తలకొట్టేసినట్టయింది. మూడు సంఘాలూ అప్పటికప్పుడు కూర్చున్నాయి. ఒకచోట కాదులెండి, ఎవరి అరుగు మీద వాళ్ళు. మూడూ ఒకే తీర్మానం చేశాయి. నీళ్ళు మా పేటవి కావని రుజువు చెయ్యాలి. ఎలా చెయ్యాలి? మన నీళ్ళు కూడలికి పోకుండా పక్కపేటలోకి మళ్ళించాలి.

తూర్పుపేటవాళ్ళు ఒక కాలవ తవ్వి తమ నీళ్ళని ఉత్తరపుపేటలోకి తిప్పారు. ఉత్తరపుపేటవాళ్ళు ఒక కాలవ తవ్వి తమ నీళ్ళని పడమటిపేటలోకి తిప్పారు. పడమటిపేటవాళ్ళు ఒక కాలవ తవ్వి తమ నీళ్ళని తూర్పుపేటలోకి తిప్పారు. ఎవరికి వాళ్ళు, మేం తప్ప ఇంత తెలివి ఇంకెవరికి ఉంటుంది అనుకుని చేతులు కడుక్కున్నారు.

రెండో వాన పడింది.

నీళ్ళు తూర్పునుంచి ఉత్తరానికి, ఉత్తరంనుంచి పడమటికి, పడమటినుంచి మళ్ళీ తూర్పుకి గానుగెద్దులా తిరిగాయి. తిరిగేకొద్దీ పెరిగాయి. గవరయ్య వంటింట్లోకి దూరాయి. లింగన్న ధాన్యపు గాదె కిందకి దూరాయి. అప్పలసామి నిద్రపోతుంటే మంచం కింద చేరి, అతని చెప్పులు రెండూ ఊరేగించుకుపోయాయి. ఊరంతా చూడడం అయ్యాక మూడు వీధుల నీళ్ళూ ఒక్కటై, ఒక్కసారిగా వచ్చి నాంచారి గుడిసెలో పడ్డాయి. నిట్రాట ఒక పక్కకి ఒరిగింది. మేక అటక దిగి, చూరు మీంచి కప్పు ఎక్కింది.

నాంచారి నిట్రాటకి రోకలి ఊతం పెట్టి, తప్పేలా పట్టుకుని తోడుతూనే ఉంది. తోడుతుంటే ఆమెకి మొదటిసారి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంకా నీళ్ళు పెరుగుతాయని ఊరుకుంది.

ఇక పెద్దలకి దిక్కు తోచలేదు. ఒక పేట తవ్వితే సరిపోదు, మూడు పేటలూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరి అరుగూ కాని చోట, అంటే కూడలిలో, సభ పెట్టాలి. అంతవరకు బాగానే ఉంది. మరి చాప ఎవరిది?

ఆ సాయంత్రం గవరయ్య మీసం మీద తువ్వాలు కప్పుకుని నాంచారి గుడిసెకి వచ్చాడు. సభకి మా పేట తరఫున కొత్త చాప కావాలి, మిగతా రెండిటికన్నా ఒక మూరెడు పెద్దది నెయ్యాలి, మూడో కంటికి తెలియకూడదు అన్నాడు.

అతను అటు వెళ్ళగానే లింగన్న ఇటు వచ్చాడు. దగ్గు ఆపుకోలేక ఊరందరికీ తెలిసేలా దగ్గి, చెల్లెమ్మా, మిగతా రెండిటికన్నా ఒక మూరెడు పెద్దది, మూడో కంటికి తెలియకూడదు అన్నాడు.

లింగన్న వెళ్ళగానే అప్పలసామి వచ్చాడు. ఉత్త కాళ్ళతో వచ్చాడు పాపం, చెప్పులు వాననీటిపాలయ్యాయి కదా. అత్తా, ఒక మూరెడు పెద్దది, మూడో కంటికి తెలియకూడదు అన్నాడు.

మరి నా గుడిసె మాటో, అని ముగ్గురినీ అడిగింది నాంచారి. సభలో చూద్దాంలే అని ముగ్గురూ అన్నారు.

ఇప్పుడు మీరే చెప్పండి. మూడు చాపల్లో ప్రతి చాపా మిగతా రెండిటికన్నా పెద్దదిగా ఉండాలంటే ఎలా నేస్తారు? నాంచారి కూడా చాలాసేపు నెత్తి గోక్కుంది. పైగా గుడిసెలో పొడిగా మిగిలింది గోడవార ఒక పట్టీ మేర నేల. మూడు చాపలకి వేరువేరుగా మగ్గం వెయ్యడానికి చోటు లేదు. ఉన్నచోటే నార తాళ్ళు పొడుగ్గా పోసి, ఎండబెట్టి దాచుకున్న తుంగంతా దించి, నేత మొదలుపెట్టింది. తూర్పుకి ఎర్రరంగు తుంగ, ఉత్తరానికి రంగు వెయ్యని తెల్ల తుంగ, పడమటికి నల్లరంగు తుంగ. నేసినంతమేర చుట్టుకుంటూ పోయింది. మొత్తం నేశాక మూడు ముక్కలుగా కోద్దామనుకుంది. ఈసారికి కష్టపడి ఈ మూడూ నేసిస్తే నా మొహం చూసైనా ఒక దారి చూపించకపోతారా అనుకుంది.

నేత అయిపోయింది. కత్తి తీసుకుంది. ఎరుపూ తెలుపూ కలిసే చోట కత్తి ఆనించింది.

అక్కడే ఆగిపోయింది.

ఇక్కడ కోస్తే గవరయ్య బావది మూరెడు పెద్దది. అక్కడ కోస్తే లింగన్నది మూరెడు పెద్దది. ఎక్కడ కోసినా ఇద్దరికి పొట్టి, ఒకరికి పొడుగు. సభ మొదలవకుండానే మూరెడు దగ్గర కొట్టుకుంటారు. ఆమె గుడిసె మాట ఎవరికీ గుర్తుండదు. కానీ కొయ్యకపోతే? కొయ్యకపోతే ప్రతివాడి చాపా ఈ చివరనుంచి ఆ చివర దాకా ఉంటుంది. అందరిదీ పెద్దదే.

నాంచారికి నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది. కప్పు మీద మేక బెదిరి అరిచింది. కత్తి తీసుకెళ్ళి చూర్లో గుచ్చేసింది.

సభరోజు వచ్చింది. మూడు పేటల జనం కూడలి నిండా. చంకల్లో చాపలు లేవు, కొత్తవి వస్తున్నాయని ధీమా. నాంచారి గుడిసెలోంచి చాపచుట్ట దొర్లించుకుంటూ తెచ్చింది. చుట్ట ఆమె నడుమెత్తు ఉంది. ఒక్క తోపు తోసింది. ఎరుపు విప్పుకుంది, తూర్పుపేట చప్పట్లు కొట్టింది. తెలుపు విప్పుకుంది, ఉత్తరపుపేట చప్పట్లు కొట్టింది. నలుపు విప్పుకుంది, పడమటిపేట చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. ఇదేమిటి, మూడూ కలిసే ఉన్నాయి?

గవరయ్య మీసం నిక్కింది. దీన్ని కొయ్యలేదేం అన్నాడు.

"కోస్తాను బావా, దానికేం. చూర్లో కత్తి ఉంది" అంది నాంచారి. "ఎక్కడ కొయ్యాలో మీరు ముగ్గురూ కలిసి ఒక్కచోటు చూపించండి. కోసిన చోట అల్లిక ఊడిపోతుంది. ఎవరి వైపు ఊడితే ఫరవాలేదో అది కూడా మీరే చెప్పండి."

ముగ్గురూ మూడు చోట్లు చూపించారు. గవరయ్య తెలుపు లోపల చూపించాడు. లింగన్న నలుపు లోపల చూపించాడు. అప్పలసామి ఎరుపు లోపలే చూపించాడు, తన చాపకీ ఎరుపుకీ పొత్తే లేకపోయినా. మాటా మాటా పెరిగింది. లింగన్న దగ్గడం కూడా మర్చిపోయాడు. అలా అరుచుకుంటూ ఉండగా ఎవరూ ఆకాశం వైపు చూడలేదు.

మూడో వాన పడింది.

పడింది అంటే అలాగిలాగ కాదు, కుండపోత. కొత్త తుంగచాప తడిస్తే కుళ్ళిపోతుంది. ఉన్న తుంగంతా అందులోనే ఉంది, ఇంకోటి నెయ్యడానికి పోచ లేదు. ఎత్తండి ఎత్తండి అని కేకేసింది నాంచారి. తూర్పుపేటవాళ్ళు తమ ముక్క ఎత్తారు, చాప మీది నీళ్ళు జారి ఉత్తరపుపేట నెత్తిన పడ్డాయి. ఉత్తరపుపేటవాళ్ళు ఎత్తారు, పడమటిపేట నెత్తిన పడ్డాయి. పడమటిపేటవాళ్ళు కోపంతో ఎత్తారు. అంతే, మూడు పేటలూ ఎత్తేసరికి చాప సాపుగా అందరి నెత్తి మీదా నిలిచింది. ఒక్క పందిరి అయింది. ఆ పందిరి కింద మూడు పేటలూ గుంపుగా, జారుతూ, తిట్టుకుంటూ, దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క కప్పు వైపు పరిగెత్తాయి. నాంచారి గుడిసె.

గుడిసె ఎంతని? పెద్దలు ముగ్గురూ లోపల, చాప నడిమిభాగం లోపల. రెండు కొసలూ రెండు తలుపుల్లోంచి బయట, ఆ కొసల కింద జనం. అందరి చేతులూ పైకి. చాప కింద పెడదామంటే నేల మీద నీళ్ళు. చీలమండ దాకా వచ్చాయి. పిక్కల దాకా వచ్చాయి. తూర్పు తలుపులోంచి ఒక ధార, పడమటి తలుపులోంచి ఒక ధార, ఉత్తరపు గోడ కిందనుంచి ఒక ధార. నిట్రాట కిర్రుమంది.

గవరయ్య లింగన్న మీద వేలు చూపిద్దామని ఒక చెయ్యి దించాడు. చాప అటు వాలి, చూరునీళ్ళు అతని మీసం మీదే పడ్డాయి. చెయ్యి మళ్ళీ ఎత్తాడు. లింగన్న అప్పలసామి మీద వేలు చూపిద్దామని చెయ్యి దించాడు. నీళ్ళు అతని మెడలోంచి వీపులోకి వెళ్ళాయి. అతనూ ఎత్తాడు. అప్పలసామి వాళ్ళిద్దర్నీ చూసి, చెయ్యి దించకుండా కాలితో చూపిద్దామనుకున్నాడు. జారి కూర్చున్నాడు. నడుంలోతు నీళ్ళలో కూర్చుని కూడా చేతులు మాత్రం దించలేదు, అది మెచ్చుకోవాలి.

నిట్రాట మళ్ళీ కిర్రుమంది. అప్పుడు నాంచారి మాట్లాడింది. గట్టిగా కూడా అనలేదు.

"బావా, అన్నా, అల్లుడూ. వాన పడినప్పుడల్లా నేను నిలబడేది ఇక్కడే. ఇప్పుడు మీరూ నిలబడ్డారు. కిందకి చూసి చెప్పండి, ఇందులో మీ పాలు ఏది?"

ముగ్గురూ కిందకి చూశారు. నీళ్ళు ఎరుపూ కాదు, తెలుపూ కాదు, నలుపూ కాదు. అన్నీ కలిసి ఒకటే బురదరంగు.

ముందు పెదవి విప్పింది అప్పలసామి, నీళ్ళలో కూర్చునే. "దక్షిణపు దిబ్బ మా పేటదే అత్తా. మా గడ్డివాములున్నాయి దాని మీద. వాములు తీసేస్తాం. దిబ్బ కోసెయ్యండి, నీళ్ళు వాగులోకి పోతాయి."

లింగన్న దగ్గకుండానే, గంపలూ బళ్ళూ మావి అన్నాడు. గవరయ్య తడిసి వేలాడుతున్న మీసంలోంచి, పలుగులూ పారలూ మావి అన్నాడు.

ఇక చూడండి! వాన ఆగేదాకా ఆగారా? ఆగలేదు. చాప కింద కొందర్ని నిలబెట్టి, మిగతావాళ్ళు దిబ్బ మీద పడ్డారు. తూర్పు తవ్వింది, ఉత్తరం మోసింది, పడమర వాములు లాగి దారిచ్చింది. ఆడవాళ్ళు బారులు తీరి గంపలు అందించారు. ఎవరి గంప ఎవరి చేతిలోకి వెళ్ళిందో, ఎవరి పార ఎవరు పట్టుకున్నారో, వానలో ఎవరికి తెలుస్తుంది? గవరయ్య పార పడమటివాడి చేతిలో, గవరయ్య నెత్తిన ఉత్తరపు గంప. దిబ్బలో దారి తెగింది. కూడలి నీళ్ళు ఒక్క క్షణం నిలబడి, తెగిన దారి చూసుకుని, కోడెదూడలా గంతేసి వాగులోకి దూకాయి. మూడు పేటలూ ఈల వేశాయి. నాంచారి గుడిసెలో నీళ్ళు పిక్కలనుంచి చీలమండకి దిగాయి, చీలమండనుంచి నేలకి దిగాయి. కప్పు మీంచి మేక కూడా దిగింది. దిగీదిగగానే చాప కొస నమలబోయి దెబ్బ తింది.

మర్నాడు మూడు పేటలూ కలిసి కొత్త నిట్రాట నిలబెట్టాయి. మూడు పేటలూ అదే చాప మీద కూర్చుని, చెత్త ఎక్కడ పొయ్యాలో, కాలవ ఎవరెవరు ఎప్పుడు పూడిక తియ్యాలో మాట్లాడుకున్నాయి. ఎవరి రంగు మీద వాళ్ళే కూర్చున్నారనుకుంటున్నారా? మొదట అలాగే కూర్చున్నారు. పొద్దు వాలేసరికి నీడ ఎటు జరిగితే అటు జరిగారు.

నాంచారి చాప అంచులు ముడివేసింది. మూడు వైపులా వేసి, దక్షిణం వైపు పడే నలుపు కొస మాత్రం వదిలేసింది. తాళ్ళు అలాగే వేలాడుతున్నాయి. పని సగంలో వదిలేశావేం అత్తా అన్నాడు అప్పలసామి.

"ఊరు ఇంతటితో అయిపోయిందని నీతో ఎవరన్నారు, అల్లుడూ?" అంది నాంచారి.

ఆ తర్వాత ఎన్నో వానలు కురిశాయి. ఒక వాన వెలిసిన పొద్దున, పొడినేల మీద, తను నేసిన చాప మీద, నాంచారి నిద్రలోనే పోయింది. పాడెకి నాలుగు కొమ్ములు, పేటలు మూడు. నాలుగో కొమ్ము ఎవరిదని పేచీ రాబోయింది. అంతలో ముసలి గవరయ్యకి చూరునీళ్ళు గుర్తొచ్చాయి కాబోలు, మీసం తడుముకుని, దారిపొడుగునా మార్చుకుందాం రండి అన్నాడు. మార్చుకుంటూ మార్చుకుంటూ వెళ్ళారు. శ్మశానానికి చేరేసరికి ఊళ్ళో నాంచారిని మొయ్యని భుజం లేదు.

ఆమె పోయిన కొన్నేళ్ళకి వాగు అవతలి ఊరు వరదలో కొట్టుకుపోయింది. ఆ జనం మూటా ముల్లే పట్టుకుని వచ్చి మా దక్షిణపు దిబ్బ మీద గుడిసెలు వేసుకున్నారు. మూడు పేటలూ గుర్రుమన్నాయి. వీళ్ళ నీళ్ళు కూడా మన కాలవలోకేనా అన్నాయి. అప్పటికి ముసలివాడైపోయిన అప్పలసామి చాప తెప్పించి కూడలిలో పరిపించాడు. నలుపు కొసన వేలాడుతున్న తాళ్ళని ఎత్తి అందరికీ చూపించాడు. గుర్రుమన్నవాళ్ళు తలలు దించుకున్నారు.

సరే, నెయ్యాలి. నేసే మనిషేది? నాంచారి పోయింది, ఆ విద్య ఇంకెవరూ నేర్చుకోలేదు. చేసేదేముంది, ఇంటికో జానెడు అనుకున్నారు. వచ్చీరాని చేతులతో ఇంటికో జానెడు నేశారు. అదీ దక్షిణపుపేట కలిసిన కథ. అదీ మా చాప వంకరపోయిన కథ.

తుంగచాప ఎన్నాళ్ళని ఉంటుంది? పాతబడ్డ మేర విప్పేసి, ఇప్పటికీ తొలకరికి ముందు ఇంటికో జానెడు నేస్తాం. ఇప్పుడు పేటలు ఏడు. ఏడు సంఘాలకీ చాప ఒకటే. కాలవ పూడిక గానీ, వీధి దీపం గానీ, కుక్కల గొడవ గానీ, ఏది వచ్చినా కూడలిలో కలుస్తాం. ముందు కూర్చోం. ముందు చాపని నెత్తి మీదకి ఎత్తి, అందరం దాని కింద నిలబడతాం. చెప్పాల్సిందంతా అలా నిలబడే చెప్పాలి. చేతులు రెండూ చాపకిచ్చాక ఎదుటివాడి మీద వేలు చూపించడానికి చెయ్యేదీ? పైగా చాప బరువు. అందుకని మా ఊళ్ళో సభలు తొందరగా అయిపోతాయి. మాట కుదిరాకనే చాప దింపి కూర్చుంటాం, ఎవరి రంగు మీద ఎవరు అని చూసుకోకుండా. దక్షిణం కొస మాత్రం ఎప్పుడూ ముడెయ్యం. ఎవరైనా రెండు వైపులు కొట్టుకుంటుంటే పెద్దవాళ్ళు ఇప్పటికీ అనే మాట ఒకటే. "కత్తి చూర్లో పెట్టండర్రా."

ఇక ఆ వంకర జానెడు. ఆఖర్న చెబుతానన్నాను కదా, తప్పించుకుందామనే చూశాను.

ఏటా ఎవరో ఒకరు అక్కడ తట్టుకుని పడతారు. మొన్న సభలో ఉత్తరపుపేట సంఘం పెద్ద, మిఠాయిల పళ్ళెంతో సహా పడ్డాడు. లేచి, ఏ ఇంటివాళ్ళ పని ఇది అని అరిచాడు. ఏటా అరిచినట్టే. పక్కవాళ్ళదండీ, మాది కాదండీ అని నేను ముందుగా అన్నాను. ఏటా అన్నట్టే. పక్కవాళ్ళు పాపం నోరులేనివాళ్ళు, నాలుగేళ్ళుగా వింటున్నారు.

అది పక్కవాళ్ళది కాదు. ఆ పాలు మాదే. నేసింది నేనే.